దొరల మెస్సుకు మేపిన పుంజులు

మా నాయన కోళ్ళను చూసుకున్నట్టు పెళ్ళాంబిడ్డలను చూసుకొని ఉంటే ఊరు ఊరంతా ఆయనకు దండం పెట్టేది. ఇది కోపంతో అంటున్న మాటే. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, నేను మాత్రం పెట్టుకునే ఉన్నాను.

మాది బెంగళూరు పక్కన కాడుగోడి. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. కాస్త రాగిచేను, ఒక పాడి ఆవు ఉండేవి. అప్పుడు యుద్ధం జరుగుతూ ఉంది. కంటోన్మెంటు నిండా తెల్ల సోల్జర్లు. మా చేలో పండిన రాగుల్లో సర్కారు తన వాటా కొలుచుకొని పోతే మిగిలినదాంతో సంవత్సరమంతా నెట్టుకు రావాలి. బియ్యం రేషను. చక్కెర అన్న మాట మాకు గుర్తుంది గానీ దాని రుచి గుర్తులేదు. అలాంటి రోజుల్లో మా ఇంట్లో ఒళ్ళు చేసినవి కోడిపుంజులు మాత్రమే.

దీనికంతటికీ మూలం ఒక బట్లరు. కంటోన్మెంటులో ఒక ఆఫీసర్ల మెస్సులో వంటసరుకులు కొనే పెద్దమనిషి, తెలుగువాడే. సంతలో నాయనకు పరిచయమయ్యాడు. మన సంతకోళ్ళు ఎముకల మూటలనీ, దొరలకు కావలసింది రొమ్ము నిండి, తోలు తెల్లగా మెరిసే లేతపుంజు అనీ, అట్లా మేపి తెచ్చేవాడుంటే ఎన్ని తెచ్చినా తీసుకుంటాననీ చెప్పాడు. ఎట్లా మేపాలో కూడా ఆయనే నేర్పాడు. నాయన ఆ మాటలు విని ఇంటికొచ్చిన రోజు ముఖం వెలిగిపోతూ ఉండింది. చేను ఇవ్వనిది కోళ్ళు ఇస్తాయని నమ్మాడు. ఆ నమ్మకం తప్పు కాదు కూడా, చివరకు ఇచ్చాయి.

మేపడమంటే గింజలు చల్లి వదిలేయడం కాదు. కూత నేర్వని లేతపుంజులను సంతలో ఏరి తెచ్చేవాడు. పశువుల పాకలో ఒక మూల గోనెపట్టలు కట్టి చీకటి చేశాడు. అందులో వెదురు గూళ్ళు, పుంజు నిలబడడానికీ కూర్చోవడానికీ తప్ప ఇటు నుంచి అటు తిరగడానికి చోటుండదు. రాగిపిండి, దంచిన వేరుశెనగ చెక్క, అందులో నీళ్ళు కాదు, పాలు పోసి జారుగా కలపాలి. అమ్మడానికి ముందు వారంలో రాగి మానిపించి, ఉడికించిన నూకలూ పాలూ మాత్రమే. అప్పుడు తోలు తెల్లబడుతుందట. అప్పటికి వాటికి తిండి మీదే విరక్తి పుట్టేది. అమ్మ ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకొని, ముక్కు తెరిచి, చిన్నచిన్న ఉండలు గొంతులో పెట్టి, మెడ మీద వేలితో కిందికి నిమిరేది. నాయన వెనక నిలబడి రొమ్ము ఎముక మీద బొటనవేలు పెట్టి చూసేవాడు. ఎముక వేలికి పదునుగా తగిలితే ఇంకా మేపాలి, తగలకపోతే సిద్ధమైనట్టు. తిన్నది తిరుగుళ్ళకు పోకూడదు, ఒంటికి పట్టాల అని రోజూ ఒకటే పాట.

పిండి కలపడం నా పని. మా ఆవు పాలు పొంగు వచ్చేదాకా కాచి, గోరువెచ్చగా చల్లార్చి ఆ పిండిలో పోస్తూ ఉంటే వచ్చే వాసనకు నా నోట్లో నీళ్ళు ఊరేవి. మా రాత్రి భోజనం రాగి అంబలి. అది కూడా పల్చగా, గిన్నె అడుగు కనిపించేటట్టు.

మా చెల్లెలు అప్పటికి ఏడాదిన్నర పిల్ల. ఆ వయసు పిల్లలు వీధంతా పరుగులు తీస్తూ ఉంటే ఇది లేచి నిలబడేది కాదు. కూర్చోబెట్టిన చోట కూర్చుని, అందరినీ చూసి నవ్వేది. అమ్మకు అనుమానం వచ్చి రైలెక్కి కంటోన్మెంటు ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ డాక్టరమ్మ కాళ్ళు నొక్కి చూసి, ఎముకల్లో పస లేదు, మెత్తగా ఉన్నాయని చెప్పిందట. తాగినన్ని పాలు పోయాలి, రాగిపిండి జావలా కాచి రాగిసరి పెట్టాలి, పొద్దుటెండలో కూర్చోబెట్టాలి. ఇవేవీ లేకుండా పిల్ల లేచి నిలబడిందంటే ఒంటి బరువుకు కాళ్ళు వంగిపోతాయి, వంగినవి మళ్ళీ తిన్నగా కావు అని కూడా చెప్పి పంపింది.

ఎండకు మాకేం కొదవ లేదు. అమ్మ వచ్చి పాల మాట చెప్పింది. నాయన శ్రద్ధగానే విన్నాడు. ఆయన కసాయివాడు కాదు. అయి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. పిల్లను ఎత్తుకుని కాళ్ళు నిమిరి, క్రిస్మసు విందుకు బట్లరు పెద్ద ఆర్డరు ఇచ్చాడనీ, అది బాగా జరిగితే మెస్సుకు కోళ్ళ సరఫరా మొత్తం మనదేననీ, అప్పుడు ఇంకో ఆవును కొంటాననీ చెప్పాడు. ఇప్పుడు పాలు మానిపిస్తే ఇన్నాళ్ళ మేపు మట్టిపాలవుతుందన్నాడు.

"ఈ ఒక్క నెల ఓర్చుకో. ఆమీట ఆవుపాలు అన్నీ పాపకే" అన్నాడు.

అమ్మ ఓర్చుకుంది. ఓర్చుకోవడం తప్ప వేరే విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాలు పోసేటప్పుడు వేలు ముంచి పిల్ల నాలుకకు రాసేది. అంతకంటే తీస్తే పిండి గట్టిపడుతుంది, నాయనకు తెలిసిపోతుంది. ఆయన కొట్టడు, తిట్టడు, పిండి వైపు చూసి మాట్లాడకుండా బయటికి పోతాడు. ఆ మౌనానికి అమ్మ భయపడేది. ఇక అమ్మ చేయగలిగింది పిల్లను నిలబడనీయకుండా చూసుకోవడం. నేల మీద వదిలేది కాదు. చంకన వేసుకునే వండేది, చంకన వేసుకునే కోళ్ళకు ఉండలు పెట్టేది.

పుంజులు మాత్రం చూడముచ్చటగా తయారయ్యాయి. వచ్చిపోయేవాళ్ళు గోనెపట్ట ఎత్తి చూసి ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. దిష్టి తగులుతుందని నాయన ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయించాడు. పుంజులకు! పిల్లకు ఏ రోజూ తీయమనలేదు. దానికి తగిలేంత దిష్టి ఎక్కడుంది, పుల్లల్లాంటి కాళ్ళతో?

పండగ దగ్గరపడ్డాక బట్లరు కబురు చేశాడు. ఎప్పటిలా ప్రాణంతో తేవద్దు, ఆ రోజు వంటింట్లో తీరిక ఉండదు, ఇంట్లోనే కోసి శుభ్రం చేసి పొద్దున్నే తెచ్చేయండి అని. నాయన అమ్మకు చెప్పాడు. అమ్మ ఆ పని ఎవరి చేతా చేయించలేదు.

మా ఇళ్ళలో కోడిని శుభ్రం చేయడమంటే ఒక పద్ధతి ఉంది. వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకినంత మాత్రాన అయిపోదు. ఎండు గడ్డి మంట మీద ఇటూ అటూ తిప్పి నూగు కాల్చాలి. తర్వాత పచ్చి పసుపు నూరి, ఒళ్ళంతా పట్టించి, రుద్ది కడగాలి. అట్లా చేయని కోడిని మావాళ్ళు పొయ్యి మీద పెట్టనివ్వరు, నీచువాసన అంటారు. అమ్మ వాటిని దొరలకు పంపుతున్నట్టు కాదు, వియ్యంకులకు పంపుతున్నట్టు చేసింది. ఒక్కొక్కదానికీ రెండేసిసార్లు పసుపు పట్టించింది. తోవలో పాడు కాకుండా ఉంటుందని కడుపులోపల కూడా రాసింది. చేతులు మోచేతుల దాకా పసుపచ్చగా అయ్యాయి. పిల్లను నా ఒళ్ళో పెట్టి, ఇంక నీకు పాలే పాలు అంటూ ఆ చేతుల్తోనే దాని బుగ్గ పుణికింది. అంత సంతోషంగా ఆమెను నేను మళ్ళీ చూడలేదు.

గంపల్లో అరటాకులు పరిచి, తడిగుడ్డ కప్పి, నాయన రైలెక్కాడు. పండగ అలంకారాలు చూపిస్తానని నన్నూ వెంటబెట్టుకున్నాడు. మెస్సు వెనక వంటింటి గుమ్మం దగ్గర గంప దించి, గుడ్డ కూడా ఆయనే గర్వంగా తీశాడు. బట్లరు వంగి చూశాడు. తెల్లగా పాలలా ఉండాల్సిన పుంజులు, వారాల తరబడి పాలు తాగి తెల్లబడ్డ తోలు, నిగనిగలాడుతూ పసుపచ్చగా, అక్కడక్కడా మంట మసితో, పొగవాసన కొడుతూ ఉన్నాయి.

లోపల్నుంచి ఒక దొర వచ్చాడు. ఒక పుంజును కాలు పట్టి ఎత్తి, వాసన చూసి, ముఖం అదోలా పెట్టి ఏదో అన్నాడు.

"కామెర్ల కోళ్ళా అని అడుగుతా ఉండాడు" అన్నాడు బట్లరు, నేల చూస్తూ.

నాయన చేతులు జోడించాడు. పసుపనీ, మంచిదనీ, మేమందరం ఇట్లాగే తింటామనీ చెప్పాడు. బట్లరు పాపం ఒకదాన్ని కుళాయి కింద పెట్టి సబ్బుతో రుద్దాడు కూడా. పసుపు కదా, పోతుందా? దొరకు ఓపిక అయిపోయి లోపలికి వెళ్ళిపోయాడు. మేము గంపలు ఎత్తుకుంటూ ఉంటే, ఎవరో టర్కీకోళ్ళ బండి లోపలికి తోలుకొచ్చారు. అలంకారాలు చూపించడం నాయన మరిచిపోయాడు, నేనూ అడగలేదు.

అమ్మ పిల్లను చంకనేసుకుని తోవలోనే ఎదురుచూస్తూ ఉంది. గంపలు నిండుగా తిరిగి రావడం చూసి కూడా, తీసుకున్నారా అని అడిగింది. ఆశ అంత చెడ్డది.

"నీ పసుపు నా కొంప ముంచింది" అన్నాడు నాయన.

అంతే అన్నాడు. ఆ సాయంత్రం ఊళ్ళో అందరిళ్ళలో కోడికూర ఉడికింది. చేతికి చిక్కిందే చాలని నాయన వచ్చినవాడికి వచ్చిన ధరకు ఇచ్చేశాడు, మిగిలింది మేము తిన్నాం. తిన్నాం అంటే నేనూ నాయనా. కొవ్వు వేళ్ళకు అంటుకుని కరిగేది, అంత మంచి మాంసం నేను పుట్టి ఎరగను. ఈ మాట రాయడానికి ఒళ్ళు మండుతూ ఉంది గానీ నిజం నిజమే. అమ్మ ముట్టలేదు. తినేటప్పుడు ఆమె పాల సంగతి ఎత్తింది. ఇప్పుడెట్లా అవుతుంది, పోయిన పరువు నిలబెట్టుకోవాలా వద్దా, ఇంకొక్క మేపు అయిపోనీ అన్నాడు నాయన.

ఆయన పరువు నిలబెట్టుకున్నాడు. బట్లరు కాళ్ళావేళ్ళా పడి, ప్రాణంతో మాత్రమే తెస్తానని ఒప్పించి, ఇంకో మేపు, దాని తర్వాత ఇంకో మేపు పంపాడు. మెస్సు మొత్తం మాదైంది. నాయన తలకు జరీ అంచు రుమాలు వచ్చింది. మాటిచ్చినట్టే రెండో ఆవు కూడా వచ్చింది. చెల్లెలు లోటాలకు లోటాలు పాలు తాగి, బుగ్గలు పెంచింది.

అయితే ఆ ఆవు రాకముందే, ఒక పొద్దున అమ్మ గూళ్ళు కడగడానికి దాన్ని ఒక్క నిమిషం కిందికి దించితే, చెల్లెలు పాక గుంజ పట్టుకొని తనంతట తాను లేచి నిలబడింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. నాయన చప్పట్లు కొట్టాడు. చూస్తివా, ఉత్తపుణ్యానికి బెదిరిపోయావు అని అమ్మతో అన్నాడు. పిల్ల ఆ చప్పట్లకు మురిసి రోజూ నిలబడింది. ఇంక ఎత్తుకుంటే ఏడ్చేది. వేసవి దాటేసరికి దాని రెండు కాళ్ళ మధ్య నుంచి కోడిపిల్ల దూరిపోయేటంత సందు వచ్చింది. రెండో ఆవు పాలు ఆ కాళ్ళకు ఏమీ చేయలేకపోయాయి.

యుద్ధం అయిపోయింది, సోల్జర్లు పోయారు, మెస్సూ పోయింది. నాయనకు మాత్రం కోళ్ళ కథ మిగిలింది. చుట్టాలకు చెప్పాడు, మనవలకు చెప్పాడు. పసుపు దగ్గరికి వచ్చేసరికి అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు, ఆయన కూడా. అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

ఊరూరా బ్రాయిలర్ షెడ్లు లేస్తున్న రోజుల్లో, బొమ్మనహళ్ళి వైపు నుంచి మా దూరపు చుట్టం కుర్రవాడొకడు వచ్చాడు. షెడ్డు వేస్తున్నానని, పెద్దాయన అనుభవం వినాలని. నాయనకు ఇంక కావలసిందేముంది? గూళ్ళు, చీకటి, పిండి, పాలు, బొటనవేలు, అన్నీ చెప్పాడు. ఆవుపాలు పోసి మేపినానప్పా, ఈ కాలంలో ఎవడు పోస్తాడు అన్నాడు. అప్పుడే చెల్లెలు కాఫీ తెచ్చింది. పెళ్ళి మాట ఎత్తకుండానే వయసు దాటిపోయి, పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. అటూ ఇటూ ఊగుతూ, గ్లాసులు తొణక్కుండా జాగ్రత్తగా నడిచి వచ్చింది. కుర్రవాడు చూసి, మర్యాదగానే, చిన్నప్పుడు పోలియో వచ్చిందా అని అడిగాడు.

పుట్టుకతోనే అంతే అన్నాడు నాయన. ఎప్పుడూ అదే చెప్పేవాడు. చెల్లెలికి కూడా చిన్నప్పటి నుంచీ అదే చెప్పి పెంచారు, మేమెవరమూ కాదనలేదు.

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"పుట్టుకతో కాదప్పా" అంది ఆ కుర్రవాడితో. "దాని పాలు ఈయన కోళ్ళకు పోసినాడు."

నాయన కాఫీ కోసం చాచిన చేయి చాచినట్టే ఉంది. చెల్లెలు గ్లాసు ఆయనకు ఇవ్వలేదు. పట్టుకొని అక్కడే నిలబడి, వంగి తన కాళ్ళవైపు చూసుకుంది.