దేవులాట పంతులు

మల్లప్ప పంతులు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పడు. ఇది మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి; కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం ముందే చెప్పి పెట్టాల్సిన సంగతి. జవాబు తెలియక కాదు. తెలిసినదాన్ని చేతికిచ్చేయడమంటే నమిలిన ముద్దను ఇంకొకరి నోట్లో పెట్టడమేనని ఆయన అభిప్రాయం. ఏమడిగినా "దేవులాడు" అనేవాడు. అంటే వెతుక్కో అని. మా వైపు తప్పిపోయిన మేకను దేవులాడతారు, కొడుక్కు పిల్లను దేవులాడతారు. పంతులు దగ్గర జవాబును దేవులాడాలి. అట్లా ఆయన దేవులాట పంతులయ్యాడు.

ఒకసారి ఎవరో బాటసారి ఎండన పడి వచ్చి ఆయన్నే అడిగాడు, పాపం.

"అయ్యా, రామన్నపేటకు తొవ్వ ఎటు?"

"బండ్ల జాడలు ఎటు ఎక్కువున్నయ్?"

"అటున్నయ్."

"నిండు బండి జాడలా, ఉత్త బండి జాడలా?"

"గది నాకెట్లెర్క?"

"నిండు బండి చక్రం లోతుకు దిగుతది. ఇయ్యాల రామన్నపేటల అంగడి. మరి నిండు బండ్లు ఎటు వోతయ్?"

బాటసారి కాసేపు నేలను చూశాడు, కాసేపు పంతులును చూశాడు. "నాకు రామన్నపేట వద్దయ్యా, ఇంటికే వోత" అని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆయన భార్య భద్రమ్మ ఓర్పు గల మనిషి. అయినా ఆమెకూ ఒక హద్దుంది.

"ఓ అయ్యా, బువ్వ తింటవా?"

"నా మొఖం చూసి చెప్పు."

భద్రమ్మ ఆయన ముఖాన్ని కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి చూసింది. "తినేటట్టు లేవు" అని కుండ మీద మూత పెట్టి పొరుగింటికి పోయింది. ఆ పూట పంతులుకు జవాబు దొరికింది గాని బువ్వ దొరకలేదు.

అప్పుడు నిజాం జమానా. సర్కారు బడి రామన్నపేటలో ఉండేది, అక్కడ చదువంతా ఉర్దూలో. మా ఊళ్లో తెలుగు చదవాలంటే మల్లప్ప పంతులు సొంతంగా నడిపే ఖానగీ బడే దిక్కు. ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేలు పర్వతాలు తన పాత పశువుల కొట్టాన్ని బడికి ఇచ్చాడు. పశువులు వెళ్లిపోయినా వాటి వాసన వెళ్లలేదు. బదులుగా పంతులు రోజూ పటేలు ఇంటికి పోయి, లోపలి అర్రలో కూర్చుని ఆయన మనుమడితో అక్షరాలు దిద్దించాలి.

ఆ బడిలో పొద్దున్నే ఒక దొంగతనం జరిగేది. దొంగ ఎప్పుడూ పంతులే. తన చెప్పో, గొడుగో, భద్రమ్మ గరిటో తనే దాచిపెట్టి, గుండెలు బాదుకుంటూ వచ్చేవాడు. "పోయింది పిల్లలూ, పోయింది! తీసినోని జాడ వట్టుండ్రి!" మేమంతా మోకాళ్ల మీద పాకేవాళ్లం. ఆయనదొకటే నియమం: "జాడ ముందల, పేరు ఎనుక. పేరు ముందల చెప్పినోడు గోడకుర్చీ ఎయ్యాలె."

ఒకరోజు బెల్లంగడ్డ పోయింది. మా అందరిలోకీ చురుకైనది జంగమ్మ. పదకొండేళ్ల పిల్ల, కండ్లు డేగవి. అది చీమల బారు పట్టుకుని గోడ వెంట పోయి, అవి కుర్చీ కాలెక్కితే కండ్లతోనే వెంబడించి, చివరకు పంతులు వీపు దగ్గర ఆగింది.

"సారు, చీమలు మీ రుమాల్లకు వోతున్నయ్."

"ఎట్ల తెలిసింది? మొదట్నుంచి చెప్పు."

"సారు, కుడతయ్ సారు!"

"కుట్టనియ్. మొదట్నుంచి చెప్పు."

జంగమ్మ మొదటి నుంచి చెప్పింది. పంతులు తలపాగాలో చీమలు తమ పని తాము చేసుకుపోయాయి. పాఠం ముగిసేసరికి ఆయన కళ్లలో నీళ్లు. శిష్యురాలి తెలివికి వచ్చిన ఆనందబాష్పాలని తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు.

ఈ చదువుతో ఇళ్లల్లో పెద్దవాళ్లకు బతుకు కష్టమైంది. ఉట్టి మీది పెరుగు ఎవరు తిన్నారని అమ్మ అడిగితే, పిల్లలు ఇంట్లో అందరినీ వరసన నిలబెట్టి మూతులు చూసేవాళ్లు. అట్లా దొరికిపోయిన ఒక తాత కట్టె పట్టుకుని బడికి వచ్చాడు.

"పంతులూ! నా ఇంట్ల నేనే దొంగనైతినా?"

"మీసం ఏమంటాంది?" అన్నాడు పంతులు.

తాత మీసం తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలంలో నిజం దొంగతనమే వచ్చిపడింది. పటేలు మనుమడికి తొలి వెంట్రుకలు తీసిన పుట్టెంటికల పండుగకు పెట్టిన వెండి కడియం లోపలి అర్ర గూట్లో నుంచి మాయమైంది. ఆ ఇంట్లో పెండ తీసి వాకిలి ఊడ్చేది బిక్షమ్మ. పటేలు ఎక్కువగా ఆలోచించే మనిషి కాదు. బిక్షమ్మను చావడికి పిలిపించాడు.

"పొద్దుగూకేలోపల కడియం తేవాలె. లేకుంటే నీ గుడిసె పీకిస్త. ఆ జాగా నాది."

బిక్షమ్మ కొడుకు ఏసోబు మాతోపాటే చదివేవాడు. వాడు పలక పక్కన పెట్టి నేల చూస్తూ కూర్చున్నాడు. మాకు ఆ రోజు దాగుడుమూతల దొంగతనం సయించలేదు.

"సారు, బిక్షమ్మ తీసిందా?"

పంతులు రుమాలు చుట్టుకున్నాడు. "దేవులాడుండ్రి" అన్నాడు. బడి మొత్తాన్ని వెంటబెట్టుకుని చావడికి నడిచాడు.

చావడి పటేలు ఇంటిని ఆనుకునే ఉంటుంది. మేం పోయేసరికి పటేలు నులకమంచం మీద కూర్చుని, చెంబెత్తి నీళ్లు తాగబోయి ఉమ్మేశాడు.

"థూ! రెండు దినాల సంది బాయి నీళ్లు గిట్ల బురదొస్తున్నయ్. ఇంట్ల ఒక్కరన్న పట్టించుకోరు."

జంగమ్మ గబుక్కున పంతులు వైపు చూసింది. పంతులు చావడి కప్పు వైపు చూశాడు.

"ఏంది పంతులూ, బడినంత మోసుకొచ్చినవ్?" అన్నాడు పటేలు.

"పిల్లలకేదో అనుమానమట పటేలా."

జంగమ్మ ముందుకు వచ్చింది. "పటేలు తాతా, కడియం ఏడుండె?"

"లోపలి అర్రల, గూట్లె."

"బిక్షమ్మ మీ ఇంట్ల ఏడిదాక వస్తది?"

"ఏడిదాక ఏంది? వాకిలిదాక. మా గడప తొక్కనిస్తమా?"

"మరి వాకిట్ల నిలవడి లోపలి గూట్లెది ఎట్ల తీసింది? చెయ్యి గంత పొడుగున్నదా?"

చావడిలో ఎవరో కిసుక్కుమన్నారు. పటేలు ముఖం ఎర్రబడింది. "ఎవ్వరు లేనప్పుడు లోపలికి వచ్చుంటది!"

"అట్లనా! ఇప్పుడొచ్చిందంటే మునుపెన్నిసార్లు వచ్చిందో ఎవ్వరికెర్క తాతా? మరి పుట్టెంటికల నాడు ఊరు ఊరంత మీ ఇంట్లనే తిన్నది గద."

నవ్వు ఆగిపోయింది. చావడి అరుగు మీది పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకాయన మూడుసార్లు వడ్డించుకుని తిన్నవాడు. ఆయన కండువాతో మెల్లగా మూతి తుడుచుకుని, "ఏంది పటేలా, మీ గడప తొక్కిందా ఏంది?" అన్నాడు.

"లేదు లేదు!" పటేలు మంచం మీద నుంచి లేచాడు. "ఎన్నడు తొక్కలే! మా అయ్య నాటి నుంచి ఒక్కనాడు తొక్కలే!"

"తొక్కకుంటే తీయలే" అంది జంగమ్మ.

పటేలు మళ్లీ మంచం మీద కూలబడ్డాడు. "...తీయలే."

బిక్షమ్మ చేతులు మొక్కిన చేతులుగానే ఉండిపోయాయి. ఏసోబు పోయి వాళ్లమ్మ కొంగు పట్టుకున్నాడు. న్యాయంగా అయితే పాఠం అక్కడ అయిపోవాలి. కాని జంగమ్మకు ఆగడం ఎవరూ నేర్పలేదు.

"ఇగ గడప దాటేటోళ్లెవ్వరు? ఇంటోళ్లు. బాయి నీళ్లు బురదెందుకొస్తున్నయ్? బొక్కెన అడుగుకు తాకితెనే బురద లేస్తది. బొక్కెనను అడుగుదాక ఎందుకు విడుస్తరు? అండ్ల వడ్డదేందో దేవులాడేటోళ్లు విడుస్తరు. మరి మీ ఇంట్ల నీళ్లు చేదేది..."

పటేలు ఇంటి గుమ్మంలో ఆయన చిన్న కోడలు, కొత్తగా కాపురానికి వచ్చిన రామమ్మ, నీళ్ల బిందెతో నిలబడి ఉంది. కదలడం లేదు. కడియాన్ని చింతపండుతో తోముతుంటే చేతిలో నుంచి జారి బావిలో పడింది. అత్తకు చెప్పే ధైర్యం లేక, ఎవరూ చూడనప్పుడు బొక్కెనతో గాలిస్తోంది. ఆ అత్త నోరు ఎట్లాంటిదంటే, ఆమె ఇంట్లో అరిస్తే ఊరవతల గొర్రెలు బెదిరి మంద విడిపోయేవి. ఆమెకు ఈ సంగతి తెలిస్తే రామమ్మను ఆ పూటే పుట్టింటికి తోలేస్తుంది. 

"...చేదేది ఎవ్వరంటే..."

"నేనే" అన్నాడు మల్లప్ప పంతులు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"కడియం ఎవ్వరు తీసిండ్రని గద పటేలా నీ ప్రశ్న? నేనే తీసిన. నీ మనుమనికి అక్షరాలు దిద్దిస్తుంటె గూట్లె కనవడ్డది. తీసి బాయిలేసిన. పిల్లలకు పాఠం కోసం."

చావడి చావడంతా నోరు తెరిచింది. పంతులు దొంగతనం ఒప్పుకున్నందుకు కాదు. పంతులు జవాబు చెప్పినందుకు.

చావడి ముందు గుమిగూడిన ఆడవాళ్ల వెనక నుంచి భద్రమ్మ గొంతు వినిపించింది. "అయ్యో, ఈయనకు పానం బాగలేనట్టున్నది. ఎవ్వరన్న జర నొసలు వట్టి చూడుండ్రి!"

పటేలు మాత్రం రవ్వంత కూడా అనుమానించలేదు. భూమ్మీద ఇట్లాంటి పని చేసే మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ తన ఎదురుగా ఉన్నాడు.

"పాఠం కోసం పసిపోరని కడియం బాయిలేస్తవా? నువ్వు పంతులువా, పందికొక్కువా?"

"నీకెట్ల అనిపిస్తున్న?" అన్నాడు పంతులు.

పాతాళగరిగె తెప్పించారు. బావిలో పడ్డ చేదలను తీసే ఇనుప కొక్కేల గుత్తి అది. తాడు మేం పిల్లలమే పట్టుకున్నాం. రెండుసార్లు బురద వచ్చింది, ఒకసారి ఎవరో ఎప్పుడో పోగొట్టుకున్న చెంబు వచ్చింది, ఆ తర్వాత కొక్కేనికి వేలాడుతూ కడియం వచ్చింది. రామమ్మ లోపలికి పరుగెత్తింది. పటేలు కడియాన్ని పంచెకు తుడిచి, పంతులుకు దారి చూపించాడు.

"నా కొట్టంల ఇగ నీ బడి నడువదు. నా ఇంటి ఛాయలకు రాకు."

ఆ సాయంత్రమే బిక్షమ్మ వాళ్ల వాడవాళ్లు నాలుగు గుంజలు పాతి, తాటాకు కప్పి, బడికి పందిరి వేశారు. వాసన లేని బడి మాకదే మొదటిది. జంగమ్మ మాత్రం ముఖం ముడుచుకుని కూర్చుంది.

"సారు, మీ జవాబు తప్పు. నీళ్లు చేదేది రామమ్మ వదినె."

"జాడలు మంచిగనే వట్టినవ్ బిడ్డా."

"మరి తప్పెందుకు చెప్పిండ్రు?"

పంతులు రుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఆయన జన్మలో చెప్పింది ఒక్కటే జవాబు, అదీ తప్పే. ఆ తప్పును మళ్లీ విప్పి చెప్పడం ఇష్టం లేదు కాబోలు. జంగమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది.

"సారు, మా చిన్నమ్మ పాలకుండ పలగ్గొడితె మా అవ్వ పిల్లి మీదికి తోసింది."

"ఊఁ."

"అంటే మీరు పిల్లి అన్నట్టు."

"మియ్యావ్" అన్నాడు పంతులు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. కాని మాది అమాయకపు ఊరు. ఆ రోజు నుంచి ఎవరికి ఏది కనపడకపోయినా నేరుగా పందిరి దగ్గరికి వచ్చేవాళ్లు. "పంతులూ, పాఠమైనంక మా గొడ్డలి పంపియ్యి." "పంతులూ, మా కోడిని కొయ్యకుండ్రి, అది పొదుగుతాంది." ఆయన కాదనలేదు, ఔననలేదు. మమ్మల్ని తోలేవాడు. మేం దేవులాడి తెచ్చి ఇచ్చేవాళ్లం. ఎవరి చేతిలో దొరికిందో మేం చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. అడిగే అవసరమేముంది? దొంగ ఎవరో ఊరందరికీ తెలుసు.

వానాకాలంలో పటేలు పాడిబర్రె తప్పిపోయింది. పంతులు ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు గనుక ఆయన రాలేదు. జీతగాడిని పంపాడు.

"పాఠం ఎప్పుడైతదో అడుగుమన్నడు పటేలు. పాలు పిండే యాళ్ల దాటిపోతాందట."

పంతులుకు ఆ బర్రె సంగతే తెలియదు. అయినా గంభీరంగా తలూపాడు. మేం గిట్టల జాడ పట్టుకుని వాగు దాటి పోతే, అది పొరుగూరి బందెలదొడ్డిలో మక్కజొన్న మేసిన నేరానికి కట్టేసి ఉంది. ఏసోబు దాన్ని బతిమాలి, జంగమ్మ ఆ ఊరివాళ్లను బతిమాలి, పొద్దుగూకే వేళకు పటేలు వాకిట్లోకి తోలుకొచ్చాం. వెనకనే పంతులు.

పటేలు బర్రె చుట్టూ ఒకసారి తిరిగాడు. వీపు నిమిరాడు. పొదుగు చూశాడు. ఒట్టు సంగతి మరిచిపోయి పంతులు ముఖమే చూశాడు.

"పాఠం మంచిదే గాని పంతులూ, గీసారి జర చిన్నది దొంగిలియ్యి" అన్నాడు. మళ్లీ కాస్త ఆలోచించి, "రేపటి సంది బడి మా కొట్టంలనే వెట్టుకో. నువ్వు నా కండ్ల ముందట ఉంటే నా సామాను నాకుంటది" అన్నాడు.