చెరువు నిండేదాకా

మా అక్కకు నమ్మకం చాలకనే బాప్తిస్మం తీసుకోలేదని ఇబ్రహీంపట్నంలో మా సంఘంవాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. ఆపింది నేను.

ఆ ఏడు వానల్లేక పెద్దచెరువు అడుగంటింది. మంచం పట్టిన అక్క బాప్తిస్మం కావాలని అడిగింది. ఇంట్లోనే డ్రమ్ములో నీళ్లు నింపి ఇస్తానని పాస్టరు అన్నాడు. సంఘపెద్దగా నేనే ఒప్పుకోలేదు. అందరం చెరువులో మునిగినవాళ్లమే, చెరువు నిండేదాకా ఆగమన్నాను.

"సావు ఆగుతదా తమ్మీ? పెద్దమనిషివి గద, జర నువ్వే దానికి చెప్పి ఆపు," అని అక్క నవ్వింది.

చెరువు నిండకముందే పోయింది. బాప్తిస్మం లేదని సంఘం సమాధుల తోటలో చోటు దొరకలేదు. బావ పొలం గట్టున పాతిపెట్టాం.

రక్షణకు బాప్తిస్మం తప్పదా అని కొత్తవాళ్లు అడిగితే ఇప్పుడు అక్క సంగతి చెబుతాను. ఆమె విశ్వాసంలో ఏ లోటూ లేదంటాను.

ఈసారి చెరువు నిండింది. నడుములోతు నీళ్లలో నిలబడినవాళ్లను "విశ్వసిస్తున్నావా?" అని పాస్టరు అడిగిన ప్రతిసారీ, వాళ్లు నోరు తెరవకముందే నా వెనక అక్క గొంతు వినిపిస్తుంది.

"అవ్ అని ఎప్పుడో చెప్పిన గద తమ్మీ."