కుంకుమ బొట్టు పెట్టిన కుండ

మొన్న వనపర్తి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మా తమ్ముడి కూతురు తన ప్రయోగం చూడమని పిలిస్తే వెళ్లాను. గోపాల్‌పేట చెలకల నుంచి తెచ్చిన తంగేడాకును కషాయం కాచి, అందులో ఇనుప లవణం కలిపి, కంటికి ఆనని ఐరన్ ఆక్సైడ్ రేణువులను తయారుచేసిందట. ఆ పొడి చిటికెడు వేసి ఎండలో పెట్టిన ఎర్రటి అద్దకపు నీళ్లు మధ్యాహ్నానికల్లా తేటపడ్డాయి. రంగును విరగ్గొట్టినా పొడి ఖర్చుకాదని, మళ్లీ వాడుకోవచ్చని ఆమె సంబరంగా చెబుతుంటే నాకు మా మేనత్త రంగుల కుండ గుర్తొచ్చింది.

మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఊరూరా సభలు పెట్టి గొంతు చించుకున్న రోజులు మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో గద్వాలలో మా మేనత్తది మగ్గాల ఇల్లు, నూలుకు రంగు వేసేది ఆమే. మిగిలిన రంగునీళ్లను వీధిలోకి వదలకుండా, తుప్పు ఇనుప ముక్కలూ తంగేడాకు కషాయమూ ఉన్న పెద్ద కుండలో పోసి, రెండుమూడు రోజులు ఎండలో ఉంచి, తేటపడ్డాకే పారబోసేది. శుక్రవారం ఆ కుండకు కుంకుమ బొట్టు పెట్టేది. ఒకనాడు సభలో మాట్లాడి అదే వేడితో మిత్రులను వెంటేసుకుని అత్త ఇంటికి వచ్చిన నాకు ఆ బొట్టు కనబడింది.

"కుండకు మొక్కితే రంగు పోతదా అత్తా? రేపు చాటకు గూడ మొక్కుతవా?" అన్నాను. మిత్రులు నవ్వారు. ఆ నవ్వుకు ఊపొచ్చి కుండను కాలితో తన్నాను. అది పగిలి, అడుగున పేరుకున్న నల్లటి మడ్డి పెరడంతా పారింది.

అత్త ఏడవలేదు. "బొట్టు సూసినవ్ అల్లుడా, నీళ్లు సూడకపోతివి. గింత సదివినోనివి, జర వంగి సూస్తే నీ సొమ్మేం పోతుండె?" అని చీపురు అందుకుంది. నవ్వులపాలైన ఆ కుండ పనిని అత్త మళ్లీ ముట్టలేదు. రంగునీళ్లు వీధిన పడ్డాయి, కొన్నాళ్లకు పక్కింటి చేదబావి నీళ్లు ఎరుపు తిరిగాయి. అది తెలిసీ నేను క్షమించమని అడగలేదు. అడుగుదామనుకునేసరికి అత్త లేదు.

ఇదంతా చెబితే తమ్ముడి కూతురు నన్ను తప్పుపట్టలేదు. కలం తీసి, "ఆకు ఎంత, ఇనుము ఎంత, ఎన్ని దినాలు ఉంచుతుండె పెదనాన్నా?" అని అడిగింది. నాకు తెలియదు. అత్త కుండలో జరిగింది ఈ చర్యేనని పరీక్షించకుండా నేను ఇప్పటికీ ఒప్పుకోను, కానీ పరీక్షించడానికి కుండా లేదు, కొలతలు ఎరిగిన మనిషీ లేదు. మేము వేదికలెక్కి అరిచాము, ఈ పిల్ల వంగి చూస్తోంది. ఆధారం చూపమని ఊరూరా నిలదీసిన నేను, మా అత్త పెరట్లో ఉన్న ఆధారాన్నే కాలితో తన్నాను.