వెంకటపతి మామ పెన్‌డ్రైవ్‌లు

చెన్నై చూలైలో మా ఇంటి ఓనరు వెంకటపతి మామకు ఈ లోకంలో ఏదైనా ఒక్కటే ఉంటే నిద్రపట్టదు. గొడుగుకు జత గొడుగు, కళ్ళజోడుకు జత కళ్ళజోడు. నేను గుంటూరు నుంచి వచ్చి మేడమీద దిగినరోజు పెళ్ళయిందా అని అడగలేదు. నా లాప్‌టాప్ చూసి, "దీంట్లో ఉండేదానికి కాపీ ఇంకొకటి ఉండాదా తంబీ?" అన్నాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగిని నేను! మా ఆఫీసులో బ్యాకప్ మీద నెలనెలా మీటింగులు పెడతారు. బ్యాకప్ మాత్రం ఎవరూ తియ్యరు.

మామ లాప్‌టాప్ అప్పటికే ముసలిది. ఆన్ చేస్తే మిక్సీలా అరిచేది. పాత ఫోటోలతో ఆయన ఏళ్ళ తరబడి రాస్తున్న చూలై చరిత్ర, పెళ్ళి జాకెట్లకు ఆయన భార్య అమ్మణి అత్త గీసే డిజైన్లు అందులోనే ఉండేవి. రోజూ సాయంత్రం కాపీలు తీసి, ఒక పెన్‌డ్రైవ్ పోపుల డబ్బాలో, ఒకటి దేవుడి గూట్లో దాచేవాడు.

"పోపులో ఆవాలకంటే ఇవే ఎక్కువుండాయి," అని అత్త విసుక్కునేది. "మీ చరిత్ర ఎత్తుకపొయ్యేదానికి దొంగలు క్యూలో నిలబడుండారా?"

మామ మీసాల్లోనే నవ్వుకునేవాడు.

ఆయుధపూజనాడు అత్త లాప్‌టాప్‌కు గంధం, కుంకుమ పెట్టి, హారతిచ్చి, భక్తి ఎక్కువై కీబోర్డు మీద తీర్థం చల్లింది. తెర నల్లబడింది. ఎదురింటి షాలిని పెళ్ళి జాకెట్ డిజైను అందులో ఉంది. తెల్లారితే మగ్గం మీద పని మొదలుపెట్టాలి.

"వంశీ, ఏమన్నా చెయ్యి నాయనా! ఆ బిడ్డకు నా మొగమెట్లా చూపించేది?"

బ్యాటరీ తీసి పెట్టాను. చార్జరు మార్చాను. తలకిందులు చేసి దులిపితే పూజ బొరుగులు రాలాయి. చివరికి డిస్కు ఊడదీసి నా లాప్‌టాప్‌కు తగిలించాను. అది ఉలకలేదు, పలకలేదు.

మామ తాపీగా పోపుల డబ్బా తెచ్చాడు. పెన్‌డ్రైవ్ తెరిస్తే అన్నీ అత్త గీసిన నెమళ్ళు, మామిడిపిందెలు. షాలిని జాకెట్టూ ఉంది! అత్త హమ్మయ్య అని కూలబడింది. దేవుడి గూట్లోది తెరిచాను. అందులోనూ నెమళ్ళే.

"మామా, మీ చరిత్ర ఏదీ?"

"దానికి చోటు చాల్లేదు తంబీ. ఈమె నెమళ్ళు శానా చోటు తింటాయి."

"అయ్యో, అన్నేళ్ళు రాసినారే!" అంది అత్త.

"నాది తలకాయలో ఉండాదిలే, మళ్ళా రాస్తా. నీ నెమలిని నేను గీసేదెట్లా?"

అత్త పెన్‌డ్రైవ్‌కు అంటిన పసుపును చాలాసేపు కొంగుతో తుడిచింది. మామ మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

మర్నాడు అత్త బజారుకు పోయి కొత్త పెన్‌డ్రైవ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇది మీ చరిత్రకే. నా నెమళ్ళు దీంట్లో కాలు పెట్టకూడదు."

మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకొకటి ఉండాదా?"

అత్త కొంగుముడి విప్పి రెండోది తీసింది.