చెల్లెలి పాటకు గుడ్డ కవరు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఉదయగిరిలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఇది కూడా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

1994 వేసవిలో మా చెల్లెలు సుగుణ ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. ఆమె గొంతు ఒక్కచోటే మిగిలింది. వయసులో ఉన్నప్పుడు చర్చి పాటల బృందంతో మద్రాసు వెళ్లి పాడిన గ్రామఫోన్ రికార్డులో. రెండో పాటలో చరణం ఆమె ఒక్కతే పాడింది. చూపు పోయిన మా అమ్మ రోజూ సాయంత్రం అది పెట్టించుకుని వినేది.

రికార్డు లోపలి కాగితం కవరు చివికి పొట్టు రాలుతోంది. తీసి పెట్టినప్పుడల్లా కొత్త గీత, కొత్త గరగర. ఇలాగైతే అమ్మకు ఆ గొంతు కూడా మిగలదని భయపడి, ఆత్మకూరులో రేడియో మెకానిక్‌కు చూపించాను.

"మళ్లీ కాగితమైతే ఇదే గతి టీచరమ్మా. ప్లాస్టిక్ కవరు ఈ ఎండలకు రికార్డుకు అంటుకుంటాది. మెత్తటి గుడ్డ ఉంటే సంచి మాదిరి కుట్టుకోండి," అన్నాడు.

ఇంట్లో తెల్లటి మల్లుగుడ్డ ఉంది. సుగుణ శవపెట్టెలో పరచగా మిగిలింది. మాలో అలా మిగిలినదాన్ని పెట్టెలోనే వేసేస్తారు, ఇంటికి తేరు. మా మరదలు తెచ్చింది. "ఇంత మంచి గుడ్డ మట్టిలో పారేసేదేంది వదినా" అంది. నాకూ సబబుగానే తోచింది. ఉతికి, ఆరబెట్టి, కవరు కుట్టాను.

మర్నాడు సాయంత్రం రికార్డు పెట్టాం. మొదటి పాట బాగానే వచ్చింది. రెండో పాట పల్లవి అందరూ పాడారు. చరణం దగ్గర హార్మోనియం ఒక్కటే మోగింది. సుగుణ గొంతు లేదు. మరదలు నా ముఖం చూసింది. చరణం అయ్యాక బృందం మళ్లీ అందుకుంది.

అమ్మ వైపు చూశాను. ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

"ఇయ్యాల గరగర లేదే. పాపం, దగ్గు ఆపుకుంటా పాడతా ఉండాది."

సుగుణకు దగ్గు వచ్చింది చివరి ఏడాది. రికార్డులో దగ్గు లేదు.

మెకానిక్‌ను ఇంటికి పిలిపించాను. సూది మార్చాడు. రికార్డు మీది గాడులు భూతద్దంతో చూసి, ఎక్కడా అరగలేదన్నాడు. చరణంలో అతనికీ హార్మోనియమే వినబడింది.

కాగితం కవరులోకి మార్చి చూద్దామనుకున్నాను. కాగితం చప్పుడు అమ్మ పసిగట్టింది.

"మార్చబాకే. మళ్లీ గరగర వస్తాది."

మారిస్తే ఆ గొంతు మాకు తిరిగి రావచ్చు. అమ్మకు పోవచ్చు. మార్చలేదు. రోజూ అమ్మ పక్కన కూర్చుని హార్మోనియం విన్నాం.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, "దగ్గు పోయిందే దానికి" అంది అమ్మ, మాకు శుభవార్త చెబుతున్నట్టు. ఆ వారమే ఆమె కన్నుమూసింది.

తర్వాత ఒక్కసారి పెట్టి విన్నాం. హార్మోనియమే. రికార్డు ఇప్పటికీ ఆ గుడ్డలోనే ఉంది. కవరు మార్చి వింటే ఏదో ఒకటి తేలుతుంది. నాకు చెయ్యి రాలేదు. అన్ని సాయంత్రాలు అమ్మ విన్నది ఏమిటో నాకు తెలియదు.