మందు ఎక్కించి తీసిన ఫోటో

మొదటిసారి రక్తపు మచ్చ కనిపించింది రవికె లోపలి వైపున, ఎడమ చనుమొన తగిలేచోట. కందిగింజంత. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. భోగాపురం దగ్గరి ఊళ్లో ఎలిమెంటరీ బడి టీచర్ని. ఆఖరి బిడ్డ పాలు మాని ఆరేళ్లయింది. రవికె ఉతికి ఆరేసి బడికి వెళ్లిపోయాను. మూడు నెలలు అలా ఉతుకుతూనే ఉన్నాను. భయపడ్డానని చెప్పలేను. ఆ మచ్చ వేరెవరిదో, ఉతకడం మాత్రం నా పని అన్నట్టుండేది.

కనిపెట్టింది మా తోటికోడలు, నా భర్త అన్నగారి భార్య. వాళ్లదీ మాదీ ఒకే లోగిలి. దండెం మీద బట్టలు తీసి మడతపెడుతూ ఆగిపోయింది.

"ఇదేటి? ఎన్నాళ్లబట్టి?"

మూడు నెలలని చెప్పాను.

"నోరు నేదేటే నీకు? రేపు బయల్దేరు. నానొస్తాను."

నా భర్త జూట్ మిల్లులో పనిచేసేవారు. విషయం చెబితే తలవంచుకుని విన్నారు. సెలవు దొరకదన్నారు. డాక్టరు ముందు రొమ్ము అన్న మాట పలకలేకే అలా అన్నారని నాకు తెలుసు. కోపం కూడా రాలేదు.

విజయనగరంలో లేడీ డాక్టరు చాలాసేపు తడిమి చూసి, గడ్డేదీ చేతికి తగలడం లేదని, విశాఖపట్నం పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. అక్కడి సర్జన్ నడివయసు మనిషి. ముందు గది కిటికీలు మూయించి, రొమ్ము కింద టార్చిలైటు ఆనించి చూశాడు. చర్మం ఎర్రగా వెలిగింది. ఒకచోట నల్లని నీడ ఉందనీ, అది పేరుకున్న రక్తమో మరొకటో వెలుతురుతో తేలదనీ అన్నాడు. తర్వాత మామూలు ఎక్స్‌రే. చల్లని పలక మీద రొమ్ము ఆనించి ఊపిరి బిగబట్టమన్నారు. ఆ ఫిల్ములో ఏమీ కనపడలేదు.

"ఏటీ నేదంటే మంచిదే కద బాబూ," అంది మా తోటికోడలు.

"కనపడలేదన్నానమ్మా. లేదనలేదు," అన్నాడాయన.

మూడో పద్ధతి మద్రాసులో నేర్చుకున్నానని చెప్పాడు. రక్తం చనుమొన మీద ఏ రంధ్రంలోంచి వస్తోందో చూసి, మొన అరగదీసిన సన్నని సూదితో అందులోకి మందు ఎక్కించి, వెంటనే ఎక్స్‌రే తీస్తారు. మామూలు ఎక్స్‌రేకి దొరకని పాలనాళం, మందు నిండితే తెల్లగా తేలుతుందట. నొప్పి ఉంటుందన్నాడు. సరేనన్నాను. రెండుసార్లు సూదికి దారి దొరకలేదు. మూడోసారి లోపలేదో బిగిసినట్టయింది. నర్సు నా చెయ్యి పట్టుకుంది. ఎందుకో అర్థం కాలేదు. పైకప్పు మీది చెమ్మ మరకలు చూస్తూ పడుకున్నాను.

సర్జన్ రెండు ఫిల్ములూ కిటికీకి ఎదురుగా పట్టి చూపించాడు. మొదటిదాంట్లో మబ్బులాంటి బూడిదరంగు తప్ప ఏమీ లేదు. రెండోదాంట్లో తెల్లని వేరులా నాళం పాయలు పాయలుగా చీలింది. చనుమొన నుంచి రెండు వేళ్ల లోతున, ఒకచోట మాత్రం మందు నిండక మిరియమంత ఖాళీ.

"అక్కడేదో పెరిగింది. ఇలాంటివి చాలావరకు పులిపిరి లాంటివే. అయితే మంచిదో చెడ్డదో ఏ ఫోటో చెప్పదు, తీసి పరీక్షకు పంపాల్సిందే. చోటు తెలిసింది కనక ఆ ఒక్క నాళం తీస్తే చాలు," అన్నాడు.

నేను కుట్లు ఎప్పుడు విప్పుతారని అడిగాను. బడిలో పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆయన నా ముఖం వంక కాసేపు చూశాడు.

ఆపరేషనైన రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. చెడ్డది కాదు. మా తోటికోడలు ఆసుపత్రి వరండాలోనే చతికిలబడి ఏడ్చింది. నన్ను పక్కకు లాక్కుని, "ఒక్కసారి నువ్వూ ఏడవే. కడుపులోది పోతాది," అంది.

"రాటం లేదక్కా," అన్నాను. నిజంగానే రాలేదు. ప్రయత్నించాను కూడా.

గాయం మానింది. మచ్చలు ఆగిపోయాయి. ఆ మొన దగ్గర మాత్రం స్పర్శ పోయింది. గిల్లినా తెలిసేది కాదు. కొన్ని నెలల తర్వాత, భోజనం చేస్తూ నా భర్త మొదటిసారి అడిగారు, ఇంకా నొప్పిగా ఉంటోందా అని. లేదన్నాను. ఆయన కంచం ముందుకు జరిపారు. నేను మజ్జిగ వడ్డించాను.