నవ్వుమొహం కట్టుబాటు

మా మనవరాలు కాలేజీలో ఏవో నవలలు చదువుతోంది. ఒక్కో నవలలో ఒక్కో రాజ్యమంట. తిండికీ గుడ్డకూ లోటుండదు గానీ, ఎవరు ఎంత సంతోషంగా ఉండాలో సర్కారే చెబుతుందంట. ఏడిస్తే నేరం. ఇదంతా చెప్పి, "నీకు అర్థం కాదులే అవ్వా" అనింది.

అర్థం కాకపోవడానికి ఏముంది. అట్లాంటి కథ నేను ప్రొద్దుటూరులో, అత్తగారింట్లో చదివినాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి.

మాది చిల్లర సరుకుల అంగడి. పప్పూ బెల్లమూ కట్టడానికి మా మామ పాత వారపత్రికలు తూకానికి కొనుక్కొచ్చేవాడు. మధ్యాహ్నం వంటిల్లు సర్దినాక నేనూ నా చిన్న తోడికోడలూ వసారాలో కూర్చుని ఆ కాగితాలను సంచులుగా అంటించేవాళ్ళం. జిగురుకు మైదా దండగ. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, తిరగలిలో విసిరి, ఆ పిండి ఉడికిస్తే చాలు. జమ్మలమడుగులో మా పుట్టింట్లో అట్లే చేసేవాళ్ళు. నేను మూడో తరగతి దాకా చదివినాను. ఆ పిల్లకు అక్షరాలు రావు. అంటించే ముందు ఒక్కో కాగితం నేను కూడబలుక్కుని చదివేదాన్ని, ఆమె వినేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుండేది. కోడళ్ళ మొహం ఎప్పుడూ నవ్వుతా ఉండాల. మొహం మాడ్చుకుంటే లక్ష్మి గడప దాటి పోతుందని మా అత్త నమ్మకం. దీపాలవేళ ఆమె ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసేది. "ఎట్లుండావు" అంటే "మాకేమత్తా, చల్లగా ఉండాం" అనాల. ఇంకో జవాబు లేదు. నా మటుకు నాకు అది కష్టంగా ఉండేది కాదు. ఇప్పటికీ మూతి ముడుచుకుని తిరిగేవాళ్ళంటే నాకు సరిపడదు. కన్నీళ్ళు కూడా పొదుపుగానే వాడాలంటాను. అయితే నా కన్నీళ్ళు నేను దాచుకోవడం వేరు, ఇంకొకరు వాటికి బీగం వేసి తాళంచెవి బొడ్లో దోపుకోవడం వేరు.

ఆ ఏడు శ్రావణంలో మాకు ఒక సీరియల్ కథ దొరికింది. వారాలు ముందూ వెనకా కలిసిపోయి వచ్చింది. కథలో ఒక ఊరు. పొద్దున్నే జవాన్లు వచ్చి ఇంటింటి గడప దగ్గర మొహాలు చూసి పోతారు. నవ్వు సరిగా లేనివాళ్ళను సర్కారు బంగళాకు తీసుకపోతారు. తిరిగొచ్చినోళ్ళు నవ్వుతానే ఉంటారు గానీ కన్నతల్లి పేరు అడిగితే చెప్పలేరు. ఆ ఊళ్ళో ఒకామె కొడుకు చచ్చిపోతాడు. ఏడవడానికి సందు లేక ఆమె రోజూ ఎర్రగడ్డలు కొనుక్కొచ్చి తరుగుతుంది, ఉల్లి ఘాటుకే కండ్లు కారినట్టు. అది కనిపెట్టి సర్కారు ఎర్రగడ్డలు అమ్మకూడదని దండోరా వేయిస్తుంది. చివరి వారం మాకు దొరకలేదు. ఏ పొట్లమై ఎవరింటికి పోయిందో.

"శ్రావణమాసం నోములని మనింట్లో కూడా ఎర్రగడ్డలు లేవు గదక్కా" అనింది ఆ పిల్ల. నవ్వులాటకే అనింది, అప్పటికి.

ఆ వారంలోనే పులివెందుల నుంచి ఆ పిల్ల చిన్నాయన వచ్చినాడు. తల్లికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయిందని, మాట కూడా పోయిందని, బిడ్డను పిలుచుకపోతానని. మా అత్త ఆయనకు మజ్జిగ ఇచ్చి, మర్యాదగానే చెప్పింది. "ఆషాఢమంతా ఆడనే ఉండి వచ్చింది గదప్పా. కొత్త కోడలు. ఇప్పుడు ఏడుస్తా గడప దాటితే ఇంటికి మంచిదా? శ్రావణం పోనీ, చూస్తాం." ఆయన ఒక్కడే తిరిగి పోయినాడు. ఆమె మొగుడు, మా మరిది, అంగట్లో నుంచి లోపలికే రాలేదు. తల్లి ఎట్లంటే అట్ల, అంతే ఆ మనిషి.

ఆ పొద్దు దీపాలవేళ కూడా అత్త ఆ పిల్ల గడ్డం పట్టి తిప్పింది. "ఎట్లుండావు?" "చల్లగా ఉండానత్తా." పళ్ళు కనిపించేటట్టు నవ్వింది. నేను పక్కకు తిరుక్కున్నాను.

మరుసటి రోజు జిగురు పూస్తా అడిగింది. "ఆ కథలో ఆమె ఎందుకక్కా దాక్కోని ఏడ్చేది? అందరి ముందర ఏడిస్తే ఏం చేస్తారు?"

"బంగళాకు తీసుకపోతారు."

"అందరూ చూస్తాంటే తీసుకపోతారా?"

"చేతులు ఆడించు. జిగురు ఎండిపోతాంది" అన్నాను. నాకు భయమేసింది. ఆడ శ్రావణం పోయేలోపల తల్లి ఉంటుందో పోతుందో. ఈడ ఈ పిల్ల ఏం మాట్లాడుతుందో.

శుక్రవారం పేరంటం. బజారులోని అంగళ్ళోళ్ళ ఆడవాళ్ళంతా వచ్చినారు. కాళ్ళకు పసుపు పూసి, తాంబూలమూ నానబెట్టిన శనగలూ పెడతాండాం. బట్టలంగడి పెద్దమ్మకు నోరు జాస్తి. కొత్త కోడలి బుగ్గ గిల్లి, "ఏమ్మే, మీ అత్త నెయ్యి పోస్తాందా, చూపిస్తాందా?" అనింది. అందరూ నవ్వినారు. మా అత్త కూడా నవ్వింది. "అడుగు వదినా, నా ముందరే అడుగు."

"చెప్పు మే, ఎట్లుండావు?" అనింది పెద్దమ్మ.

ఆ పిల్ల చేతిలో శనగల పళ్ళెం ఉంది. దాన్ని కింద పెట్టింది.

"చల్లగా లేనమ్మా. మా యమ్మకు పక్షవాతం వచ్చి పడింది. మాట లేదు. పిలుచుకపోను వచ్చినారు. శ్రావణం పోయినాక చూస్తామన్నారు."

గొంతు లేపలేదు. కండ్లలో నీళ్ళు కారుతాంటే తుడుచుకోలేదు. నేను మా అత్త మొహమే చూస్తాండాను. నిండు పేరంటంలో, కలశం ముందర, ఇల్లాలు మొహం చిట్లించకూడదు. ఆమె పెట్టిన కట్టుబాటే ఆమెను పట్టుకుంది. పెదవులు నవ్వుతాండాయి, మెడ నరాలు మాత్రం లేచినాయి.

"ఎందుకు పంపం వదినా" అనింది నిదానంగా. "రేపే పంపిస్తాండాం. మేం చెప్పేలోపల పిల్లే బయటపెట్టింది."

"అట్లనే చేయమ్మా. కన్నతల్లి గదా" అని ఆ పెద్దమ్మ తాంబూలం కొంగులో కట్టుకుంది. ముత్తైదువుల చేతిలో తాంబూలం పెట్టి అన్న మాట వెనక్కి తీసుకునేది కాదు. అది మా అత్తకు అందరికంటే బాగా తెలుసు.

వాళ్ళు పోయినాక ఆమె ఆ పిల్లను తిట్టలేదు, కొట్టలేదు. గడ్డం కూడా పట్టుకోలేదు. "నా మూతికి గుడ్డ కట్టినావు" అని మాత్రం అని, దీపం వత్తి సవరించుకుంటా కూర్చుంది. తెల్లవారేదాకా మాట మార్చుతుందేమోనని నాకు కంటిమీద కునుకు లేదు.

మార్చలేదు. పొద్దున్నే బస్సు దగ్గరికి నన్నే తోడు పంపినారు. ముద్దనూరు మీద పులివెందులకు పోయే బస్సు. ఎక్కీ ఎక్కకముందే ఆ పిల్ల బావురుమనింది. కండక్టరు నవ్వి, "ఏందమ్మా, పుట్టింటికి పోయేటప్పుడు ఏడుస్తాండావే? ఏడ్చేది అత్తగారింటికి పోయేటప్పుడు గదా" అన్నాడు. జనం తిరిగి చూసినారు. ఇంకొక రోజైతే నేనే నోరు మూసుకోమని గదిరిండేదాన్ని. ఆ పొద్దు మూట పైకందించి ఊరుకున్నాను.

తల్లి దసరా దాకా ఉండింది. అంతవరకూ ఈమె ఆడనే ఉండింది. తిరిగొచ్చినాక, సంచులు అంటించుకుంటా చెప్పింది. తల్లికి మాట రాలేదంట గానీ బిడ్డను గుర్తుపట్టిందంట. ఎడమచేత్తో మొహమంతా తడిమి, ఏడ్చిందంట. ఈమె కూడా ఏడ్చిందంట. ఇరుగుపొరుగు వచ్చి వాకిట్లో నిలబడినారు గానీ, ఇద్దరిలో ఎవరినీ ఊరుకోమనలేదంట.